నీరెండలో అరగంట

(డిసెంబరు మాసంలో, వార్డుల్లో చికిత్స పొందుతున్నవారి కుటుంబ సభ్యుల కొరకు ఆసుపత్రి ప్రార్థనా మందిరంలో ఒక నర్సింగ్ సిస్టర్ ఇచ్చిన ప్రసంగ పాఠం)



మీవాళ్ళను పక్కమంచం వారికి అప్పగించి, ఈ కాసేపు తీరిక చేసుకుని వచ్చారు. అందుకు ముందుగా కృతజ్ఞతలు. ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఎందుకంటే ఈ రోజు నేను చెప్పబోయేదంతా బయటికి వెళ్ళడం గురించే.

మన గోదావరి జిల్లాల్లో చలికాలం నిజానికి పెద్దదేమీ కాదు. కార్తీకం వెళ్ళాక మొదలవుతుంది, శివరాత్రికి శివశివా అంటూ పోతుందని పెద్దలు చెబుతారు. అమెరికాలో, కెనడాలో ఉన్న మన పిల్లలు ఫోను చేసి, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతోందనీ, వాకిలి ముందు మంచు పారలతో ఎత్తిపోసుకుంటున్నామనీ చెబుతూ ఉంటారు. మనకు డిసెంబరు నెల నడిమిలో కూడా పగలు పదకొండు గంటలు ఉంటుంది. అయినా మంచం పట్టిన మనిషి పక్కన కూర్చున్నవారికి ఈ మూడు నెలలూ చాలా పొడుగైపోతాయి. కిటికీలు మూసి ఉంటాయి. పగలూ రాత్రీ ఒకే ట్యూబులైటు వెలుతురు. ఏ వారమో కూడా గుర్తుండదు. మొన్న ఒక అమ్మగారు "సిస్టరుగారూ, క్రిస్మసు అయిపోయిందాండీ, రావాలాండీ?" అని అడిగారు. నవ్వులాటకు కాదు, నిజంగానే అడిగారు.

పొద్దున్న రౌండ్సుకు వచ్చినప్పుడు మేము మొదట చేసే పని కిటికీలు తెరవడం. మేము అటు వెళ్ళగానే మీరు చేసే పని వాటిని మళ్ళీ మూయడం. ఇందులో మీ తప్పేమీ లేదు. "చలిగాలి కొడుతుంది, జలుబు చేస్తుంది" అనే భయం మన ఇళ్ళల్లో తరతరాలుగా ఉంది. బాలింతలకైతే చెవుల్లో దూది, తలుపులు బిగించిన చీకటి గది, దానికి తోడు సాంబ్రాణి పొగ. ప్రేమతో చేసేదే. కానీ జలుబు తెచ్చేది గాలి కాదు, వైరసు అనే క్రిమి. ఆ క్రిమి ఒకరి నుంచి ఒకరికి సులువుగా పాకేది మూసి ఉన్న గదిలోనే. పదిమంది ఊపిరి పీల్చి వదిలిన గాలినే మళ్ళీ పదిమందీ పీలుస్తుంటే దగ్గు, జ్వరం, క్షయ అన్నీ అంటుకుంటాయి. చలి నుంచి కాపాడవలసింది మనిషి ఒంటిని. తలకు, పాదాలకు బట్ట కప్పండి, దుప్పటి వేయండి. గదిని మాత్రం ఊపిరి పీల్చుకోనివ్వండి.

ఇది కొత్త మాట కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ అమ్మగారి పేరు మీలో చాలామంది విని ఉంటారు. నర్సులందరికీ తల్లి వంటిది. ఆమె 1859లో రోగుల సంరక్షణ గురించి రాసిన పుస్తకంలో, రోగికి మంచి గాలి తర్వాత అన్నిటికన్నా ముఖ్యంగా కావలసింది వెలుతురని, అందులోనూ సూటిగా పడే సూర్యుడి వెలుతురని రాసింది. ఆమె ఎప్పుడూ ఇండియాకు రాలేదు. అయినా మన ధవళేశ్వరం దగ్గర 1847 నుంచి 1852 వరకు ఆనకట్ట కట్టించిన కాటన్ దొరగారితో ఉత్తరాలు నడిపింది. కరువులూ రోగాలూ తగ్గాలంటే పొలాలకు నీళ్ళు రావాలని ఆయన వాదిస్తుంటే, ఆయన పక్షాన నిలబడింది. మన గోదావరి కాలువల కథలో ఒక నర్సమ్మ మాట కూడా ఉందని చెప్పుకోవడం నాకు ఇష్టం.

మన రాష్ట్రంలోనే ఇంకొక ఉదాహరణ ఉంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం. క్షయకు మందే లేని రోజుల్లో, 1915లో, అనేక మిషన్లు కలిసి అక్కడ క్షయ రోగుల కొరకు ఆసుపత్రి తెరిచాయి. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ గారు దానికి మొదటి పెద్ద డాక్టరు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారం, ఇవే ఆనాటి వైద్యం. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. గాలీ వెలుతురూ చాలామందికి ఓపిక ఇచ్చాయి గానీ క్రిమిని చంపలేకపోయాయి. క్రిమిని చంపినవి తరువాత వచ్చిన మందులు. ఆ మందులు సరిగా వాడితే ఇంట్లో ఉండి కూడా ఆసుపత్రిలో ఉన్నంత బాగా నయమవుతుందని మద్రాసులో జరిగి 1959లో అచ్చయిన పరిశోధన రుజువు చేసింది. కాబట్టి ఎండలో కూర్చోబెడుతున్నాం కదా అని ఎవరూ బిళ్ళలు మానకండి. ఎండ మందుకు తోడు. మందుకు బదులు కాదు.

తోడు అని ఊరికే అనడం లేదు. అమెరికాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం తీసివేసే ఆపరేషను చేయించుకున్నవారి రికార్డులు ఒక పరిశోధకుడు తిరగేశాడు. 23 మంది కిటికీలోంచి చెట్లు కనిపించేవి. సరిగ్గా అలాంటివారే మరో 23 మంది కిటికీలోంచి ఇటుక గోడ కనిపించేది. చెట్లు చూసినవారు సగటున ముప్పాతిక రోజు ముందుగా ఇంటికి వెళ్ళారు. గట్టి నొప్పి మందులు కూడా వారికి తక్కువే పట్టాయి. 1984లో ఇది అచ్చయింది. చిన్న పరిశోధనే, దానితోనే అంతా తేలిపోయిందని అనను. కానీ మన వార్డు వెనక వేపచెట్టు ఉంది. దాన్ని చూడడానికి బిల్లు కూడా వేయరు కదండీ.

ఇప్పుడు ముఖ్యమైన విషయానికి వస్తాను. పెద్దవయసు వారిని చూసుకుంటున్నవారు కొంచెం శ్రద్ధగా వినండి.

తుంటి విరిగిన అమ్మమ్మో, నిమ్ము చేసిన తాతగారో పగలంతా బాగానే ఉంటారు. రాత్రి అయ్యేసరికి మనుషుల్ని గుర్తుపట్టరు. చనిపోయిన అన్నగారిని పిలుస్తారు. సెలైను గొట్టం పీకేస్తారు. "గోడ మీద ఎవరో ఉన్నారు" అంటారు. కుటుంబం హడలిపోతుంది. గాలి సోకిందనీ, పిచ్చి పట్టిందనీ, ఇక ఆఖరి గడియలనీ రకరకాలుగా అనుకుంటారు. కొందరు ఆ రాత్రికి రాత్రే ఇంటికి తీసుకుపోతామంటారు. అది గాలీ కాదు, పిచ్చీ కాదు. వయసు మీద పడిన మెదడు జబ్బుకూ, కొత్త చోటుకూ తట్టుకోలేక తాత్కాలికంగా తడబడడం. వెంటనే సిస్టరుకు చెప్పండి. జ్వరమో, మూత్రంలో చీమో, ఒంట్లో ఉప్పు తగ్గడమో, ఏదో ఒక మందు పడకపోవడమో కారణం కావచ్చు. డాక్టరుగారు వెదికి సరిచేస్తారు. దానితోపాటు మీరు చేయగలిగింది చాలా ఉంది. పగలు కిటికీ తెరిచి వెలుతురు పడనివ్వండి. రాత్రి లైటు తగ్గించండి. ఆయన కళ్ళజోడు, వినికిడి మిషను బీరువాలో దాచకండి, పెట్టండి. "నాన్నా, ఈరోజు బుధవారం, రాజమండ్రిలో ఉన్నాం, మీ కాలికి ఆపరేషను అయింది" అని మెల్లగా చెబుతూ ఉండండి. కుదిరితే పగలు కాసేపు బయటికి తీసుకువెళ్ళండి. పొద్దు ఎక్కడం, వాలడం కంటితో చూసిన మనిషికి రాత్రి నిద్ర పడుతుంది. మన ఒంట్లో గడియారం ఉంది, దానికి తాళం తిప్పేది పగటి వెలుతురే.

ఎప్పుడు తీసుకువెళ్ళాలి? మంచు పొరలు విడిపోయి, నీరెండ బాగా పరుచుకున్నాక. మన గోదావరి మీద తెల్లవారుజామున కమ్మే మంచు చూడడానికి బాగుంటుంది. కానీ చలికి బరువెక్కిన గాలి నేలను పట్టుకుని ఉన్నప్పుడు, పొయ్యిల పొగ, గడ్డి తగలబెట్టిన పొగ, లారీల దుమ్ము అందులోనే చిక్కుకుని ఉంటాయి. ఆయాసం, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారికి ఆ వేళ మంచిది కాదు. "తెల్లవారుజామున వాకింగు చేస్తే మంచిదట" అని నాలుగింటికి లేచి గట్టు మీదికి వెళ్ళే పెద్దలు మీ ఇంట్లో ఉంటే, చలికాలం ఈ రెండు నెలలూ ఏడున్నర ఎనిమిది దాటాక వెళ్ళమనండి. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బి.పి. పెరుగుతుంది. చలికాలంలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా రావడానికి అదొక కారణం. బి.పి. బిళ్ళ ఒక్కపూట కూడా మానకూడని కాలం ఇదే. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా "తెల్లారాక చూద్దాం" అనుకోకండి. 108కి ఫోను చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల లోపలే పనిచేస్తుంది.

డి విటమిను గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. సూర్యోదయపు లేత ఎండలో అది ఎక్కువ దొరుకుతుందని. లేత ఎండలో హాయి ఎక్కువ, విటమిను తక్కువ. దాన్ని తయారుచేసే కిరణాలు పదీ పదకొండు గంటల నుంచి మధ్యాహ్నం రెండు వరకు బాగా పడతాయి. అద్దం కిటికీ వెనక కూర్చుంటే ఆ కిరణాలు లోపలికి రావు. ముఖం, చేతులు, కాళ్ళకు ఎండ తగిలేలా ఇరవై నిమిషాలు, అరగంట. వేసవిలో ఈ మాట మీకు చెప్పలేను, రోహిణి కార్తె ఎండలో అది ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ మూడు నెలలూ మనకు దేవుడిచ్చిన వరం లాంటివి. ల్యూపస్ జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల మందులు వాడుతున్నవారు మాత్రం ఎండలోకి రాకూడదు. జ్వరం ఉన్నవారినీ, ఆక్సిజను పెట్టినవారినీ, నిన్ననే ఆపరేషను అయినవారినీ మీ అంతట మీరు కదపకండి. డ్యూటీ సిస్టరును అడిగి తీసుకువెళ్ళండి. చాలా రోజులు పడుకుని ఉన్న మనిషిని ఒక్కసారిగా లేపితే కళ్ళు తిరిగి పడిపోతారు. ముందు మంచం అంచున కాళ్ళు వేలాడేసి ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. మూత్రం సంచి ఉంటే నడుము కంటే కిందికే ఉండాలి, ఒళ్ళో పెట్టకండి.

చలిమంట సంగతి కూడా చెప్పాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకండి. దానినుంచి వచ్చే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవారు, పక్షవాతం వచ్చినవారు మంట దగ్గర కాళ్ళు చాపితే కాలినా తెలియదు. భోగి మర్నాడు ఇలాంటి బొబ్బలతో మా దగ్గరికి వచ్చేవారు ఉంటారు.

జాగ్రత్తలు చెబుతూ మిమ్మల్ని భయపెట్టేశానేమో. సంతోషం మాటకు వద్దాం.

మీరు ఇంటికి వెళ్ళాక రోగిని మధ్యగదిలోనే ఉంచేయకండి. నులకమంచమో, మడతకుర్చీయో అరుగు మీదికి తేండి. ఇప్పుడు మన డెల్టాలో చూడడానికి ఎంత ఉందో ఆలోచించండి. సార్వా కోతలై కుప్పలు నూరుస్తుంటారు. ఒక పక్క దాళ్వా నారుమడులు పచ్చగా లేస్తుంటాయి. కడియం వైపు బంతీ చామంతీ విరగబూస్తాయి. చేలగట్ల మీద తోక ఆడించుకుంటూ పరుగెత్తే చిన్న పిట్టలున్నాయే, అవి ఉత్తరాన చలి దేశాల నుంచి ఈ కాలానికే మన దగ్గరికి వస్తాయి. కొల్లేరు వైపు వారికి ఆటపాక గూడబాతుల సంగతి నేను చెప్పక్కరలేదు. ఈ నెలంతా రాత్రిళ్ళు క్రైస్తవుల ఇళ్ళమీద స్టారులు వెలుగుతాయి, కేరల్సు పాడే పిల్లలు వస్తారు. అదే వీధిలో తెల్లవారితే హరిదాసు వస్తాడు, ముగ్గుల్లో గొబ్బెమ్మలుంటాయి. ఎవరి పండుగ వారిదే అయినా, అరుగు మీద కూర్చున్న రోగికి అన్నీ కావలసినవే. మంచం పట్టిన మనిషికి మొదట పోయేది కాలూ చెయ్యీ కాదు, లోకం. ఊళ్ళో ఏం జరుగుతోందో ఆయనకు చెప్పేవారు ఉండరు. అరుగు మీద కూర్చోబెడితే లోకమే వచ్చి పలకరిస్తుంది.

కూర్చోబెట్టడంతో ఆపకండి, ఏదో ఒక పని ఇవ్వండి. చిక్కుడుకాయలు ఈనె తీయమనండి. బంతిపూలు దండ గుచ్చమనండి. చెయ్యి బలహీనపడిన ఆడవారికి నేను చెప్పే వ్యాయామం ఒకటి ఉంది. పళ్ళెంలో బియ్యప్పిండి పోసి, ఆ చేత్తోనే చిటికెడు చిటికెడు తీసి ముగ్గు చుక్కలు పెట్టమంటాను. రబ్బరు బంతి నొక్కమంటే రెండు రోజుల్లో విసుగెత్తుతుంది. ముగ్గుకైతే "నాలుగు చుక్కలు వంకర పోయాయి" అని మళ్ళీ మొదటినుంచి పెడతారు.

లంక గ్రామం నుంచి వచ్చిన ఒకామె సంగతి చెబుతాను. భర్తకు పక్షవాతం. నలభై రోజులు ఆమె మంచం పక్కనుంచి కదల్లేదు. ఆమెకే షుగరు ఉంది. తన బిళ్ళలు వేసుకోవడం మానేసింది, టీ నీళ్ళతో కాలం గడిపింది. ఒకరోజు వరండాలో పడిపోయింది. ఒక రోగి ఇద్దరయ్యారు. ఇది మా వార్డుల్లో తరచూ జరిగేదే. తేరుకున్నాక "కాస్త బయట తిరిగి రావచ్చు కదమ్మా" అంటే ఆమె చెప్పిన మాట నన్ను ఆలోచనలో పడేసింది. "మా ఊరివాళ్ళు ఎవరైనా చూస్తే ఏమంటారండీ? మొగుడు మంచంలో ఉంటే ఈవిడ షికార్లు తిరుగుతోందనరూ?" అంది.

ఇక్కడ ఉన్న మగవారికీ, అత్తగార్లకూ, ఆడపడుచులకూ నేను ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆ మాట అనకండి. ఎవరైనా అంటే ఊరుకోకండి. కోడలు అరగంట ఎండలో కూర్చుంటే సేవ తగ్గిపోదు. కూర్చోకపోతేనే, నెల తిరిగేసరికి సేవ చేసే చెయ్యి ఉండదు. చూడడానికి వచ్చేవారు యాపిల్ పళ్ళు తేవడం మంచిదే. కానీ "వదినా, గంటసేపు నేను కూర్చుంటాను, నువ్వు వెళ్ళి రా" అనే మాట పళ్ళ సంచి కన్నా విలువైనది. వచ్చేవారు లేకపోతే పక్కమంచం వారితో వంతులు వేసుకోండి. రెండు నెలల స్నేహమే కావచ్చు, ఇక్కడ ఏర్పడిన చుట్టరికాలు పెళ్ళిపిలుపుల దాకా వెళ్ళడం నేను చూశాను.

ఆమెను మరునాడు బలవంతాన గేటు దాకా పంపాను. తిరిగి వచ్చేటప్పుడు కాల్చిన తేగల కట్ట ఒకటి కొనుక్కొచ్చింది. ఒకటి ఒలిచి భర్త నోటికి అందించబోయింది. అప్పటికి ఆయనకు మింగుడు ఎలా ఉందో చూడలేదు. పక్షవాతం వచ్చినవారికి ఆ పరీక్ష కాకుండా ఏదీ పెట్టకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని ఆపాను. ఆయన తేగను చేతిలో పట్టుకుని వాసన చూశాడు. చూసి నవ్వాడు. వంకర మూతితోనే. నలభై రోజుల్లో అదే మొదటి నవ్వు అని ఆమె అంది. మిగిలిన తేగలు మేమందరం పంచుకు తిన్నాం. ఆమెకు మాత్రం ఒక్కటే ఇచ్చాం, షుగరు కదా.

దేవుని వాక్యం ఎరిగినవారికి ఏలీయా ప్రవక్త తెలుసు. అలసిపోయి, ఇక చచ్చిపోతే బాగుండునని అరణ్యంలో చెట్టు కింద పడుకున్నాడు. అప్పుడు వచ్చిన దూత ఆయనను గద్దించలేదు, బోధ చేయలేదు. రొట్టె పెట్టాడు, నీళ్ళిచ్చాడు, నిద్రపోనిచ్చాడు. రెండుసార్లు. మీలో ఎవరికైనా అలాంటి ఆలోచన వస్తుంటే, నిద్ర పట్టకపోతున్నా, దేనిమీదా మనసు నిలవకపోతున్నా, ఊరికే ఏడుపు వస్తున్నా, అది మీ విశ్వాసం తక్కువై కాదు. మాకు చెప్పండి. మాతో చెప్పుకోవడానికి మొహమాటమైతే 14416కు ఫోను చేయండి. ప్రభుత్వం 2022లో పెట్టిన టెలిమానస్ సేవ అది. డబ్బులు పడవు. తెలుగులో మాట్లాడతారు.

ఇక లేద్దాం. ఇప్పుడు టైము రెండున్నర. వార్డు వెనక వేపచెట్టు దగ్గర సిమెంటు బెంచీల మీద నాలుగు వరకు ఎండ ఉంటుంది. ఫిమేల్ వార్డు గుమ్మం పక్కన వీల్‌ఛైర్లు రెండున్నాయి, సంతకం పెట్టి తీసుకోండి. ర్యాంపు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, మెల్లగా దింపండి. దుప్పటి మరిచిపోకండి. మంచం దగ్గర మనిషిని పెట్టి రాలేనివారు ఎవరైనా ఉంటే చెయ్యి ఎత్తండి, మా ట్రైనింగు పిల్లలు నలుగురు ఇక్కడే ఉన్నారు, నాలుగింటి వరకు వాళ్ళు కూర్చుంటారు.